లేతచెవి

లోపలికి అడుగు పెట్టేముందు చెప్పులు విప్పినట్టే అక్కడ మాట కూడా విప్పి బయట పెట్టాలి. గుమ్మంలో కూర్చున్న అమ్మాయి వచ్చినవాళ్లకి తలో మాస్కూ, తలో పలకా, సుద్దముక్కా ఇచ్చి, "లోపల దగ్గినా ఫరవాలేదండి. తెలుగు మాత్రం ఒక్క ముక్క కూడా వద్దు, పెదాల కదలిక కూడా కనపడకూడదు" అంది.

"దగ్గితే తెలుగులో దగ్గినట్టవదా అమ్మా?" అన్నాడు చక్రధరం.

ఆ అమ్మాయి నవ్వలేదు. "మేడమ్‌గారిని అడిగి చెప్తానండి" అంది.

భ్రమరాంబ భర్త మోచెయ్యి గిల్లి, మాస్కు కట్టుకుని లోపలికి నడిచింది. రాజమండ్రిలో పొద్దుటి రైలెక్కి విశాఖపట్నంలో దిగి, ఊరి చివర కొండవాలులో ఉన్న ఈ పరిశోధనశాలకి చేరుకునేసరికి పన్నెండయింది. ఆమె చేతిసంచిలో ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉంది. కూతురి గొంతు విని వారమయింది. నర్సింగు చదువుకి హాస్టల్లో ఉన్నప్పుడు కూడా హైమ రోజుకి మూడుసార్లు ఫోను చేసి, కూరలో ఉప్పెక్కువైందని కూడా చెప్పేది.

హాల్లో పద్నాలుగుమంది నర్సులూ, వాళ్ల కుటుంబాలూ ఉన్నారు. అంతమంది మనవాళ్లు ఒకచోట చేరి నోరు మెదపకుండా కూర్చోవడం భ్రమరాంబ పెళ్లిళ్లలోనే కాదు, ఆస్పత్రుల్లో కూడా చూడలేదు. పలకల మీద సుద్దముక్కల కిచకిచ తప్ప ఇంకో చప్పుడు లేదు.

హైమ వచ్చి ఎదురుగా కూర్చుంది. రెండు చెవుల వెనకా కందిబద్దంత బిళ్లలు అంటించి ఉన్నాయి. పలక లాక్కుని గబగబా రాసింది. "నాన్న షర్టు ఎవరు ఇస్త్రీ చేశారు? ఆయనే చేసుకున్నాడా?"

"తిన్నావా?" అని రాసింది భ్రమరాంబ.

"తిన్నా. నాలుగు రోజులుగా మేమందరం చంటిపిల్లల్లా బబబ అంటున్నాం. నవ్వావంటే ఊరుకోను."

భ్రమరాంబ మాస్కు వెనక నవ్వింది. హైమకి కళ్లని బట్టి తెలిసిపోయింది. పలకతో తల్లి మోకాలి మీద కొట్టింది.

హైమ ముఖంలో భ్రమరాంబ పోలికగాని, చక్రధరం పోలికగాని వెతికినా దొరకదు. మూడేళ్ల మూడు నెలల వయసులో, మిజోరం కొండల్లోని ఒక శిశుసదనం నుంచి కోర్టు కాగితాలతో సహా వాళ్లింటికి వచ్చిన పిల్ల. కొండల నుంచి వచ్చింది గనక హైమవతి అని పేరు పెట్టింది నాయనమ్మ సూరమ్మ. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. కొత్తవాళ్లు ఆమెను చూడగానే ఒక్కో మాటా విడదీసి, నిదానంగా మాట్లాడతారు. "ఏంటండీ అంత సాగదీస్తున్నారు, నాకేవన్నా చెవుడా?" అని ఆమె అడిగేసరికి తెల్లబోతారు. అది విన్నాక కూడా "ఎక్కడో కొంచెం యాస తెలుస్తుందండీ" అనేవాళ్లున్నారు. యాస ఆమె నోట్లో లేదు, వాళ్ల కళ్లలో ఉంది. వీధిలో వాళ్లు మాత్రం, "మొహానిదేముందండీ, నోరు తెరిస్తే అచ్చం భ్రమరాంబే" అంటారు. ఆ మాట కోసం భ్రమరాంబ కూరగాయల బండి దగ్గర అవసరం లేకపోయినా కాసేపు నిలబడేది.

హైమకి జర్మనీలో ఒక ఆస్పత్రిలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. భాష పరీక్ష ప్యాసయింది. కాని పరీక్షలో వచ్చే భాష వేరు, నొప్పితో మూలుగుతున్న ముసలాయన దగ్గర నిలబడి మాట్లాడే భాష వేరు. "నేను చెప్పేది వాళ్లకి చుట్టాలు చెప్పినట్టుండాలి" అని ఆమె ఈ ప్రయోగంలో చేరింది.

చేర్పించిన రోజున డాక్టర్ నళినీకుమారి భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి రెండు శబ్దాలు వినిపించింది. పెదాలు గుండ్రంగా చుట్టి పలికే జర్మన్ అచ్చులు. "రెండూ ఒకటేగా?" అన్నాడు చక్రధరం. భ్రమరాంబకీ ఒకటిగానే వినిపించాయి. అప్పుడు అక్కడి ఆయా తన ఎనిమిది నెలల మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల రబ్బరు బొమ్మ చప్పరిస్తోంది. మొదటి శబ్దం పదే పదే మోగుతోంది. ఉన్నట్టుండి రెండోది రాగానే పిల్ల బొమ్మ వదిలేసి గిరుక్కున తల తిప్పింది. పదిసార్లు మారిస్తే పదిసార్లూ తిప్పింది.

"దీనికి జర్మన్ వచ్చా ఏంటండీ?" అన్నాడు చక్రధరం.

"దీనికింకా ఏ భాషా రాదు. అందుకే అన్నీ వినపడతాయి" అంది డాక్టరు. "ఇంకో నాలుగు నెలల్లో ఇంట్లో మాటలకి సరిపడా చెవి ఉంచుకుని మిగతా తలుపులన్నీ మూసేస్తుంది. మనమందరం మూసేసినవాళ్లమే. అందుకే పరాయి చోట నలభై ఏళ్లు బతికినా నోరు తెరవగానే ఏ ఊరని అడుగుతారు. ఈ బిళ్లలు ఆ తలుపుల్ని నలభై రోజులు మళ్లీ తెరుస్తాయి. ఆ నలభై రోజుల్లో చెవి ఏది వింటే అది స్థిరపడిపోతుంది. మనిషికి ఒక్కసారే. రెండోసారి తెరుచుకోవు."

"మరి తెలుగు?" అంది భ్రమరాంబ.

"తెలుగు అడుగున బండరాయిలా ఉంటుందమ్మా. పుట్టిన దగ్గర్నుంచీ విన్నది కదా. దాన్ని ఏదీ కదపలేదు."

భ్రమరాంబ, చక్రధరం ముఖాలు చూసుకున్నారు. ఇద్దరూ ఏమీ అనలేదు. ఇరవై మూడేళ్లుగా హైమ మా పిల్లేనని అందరికీ చెప్పీ చెప్పీ, కాదనిపించే ఏ మాటా పైకి అనకపోవడం వాళ్లకి అలవాటైపోయింది. దరఖాస్తులో మాతృభాష అన్నచోట హైమ కూడా ఒక్క క్షణం ఆగకుండా తెలుగు అని రాసింది.

పలకల మీద మాట్లాడుకుని వచ్చిన వారానికి, పద్నాలుగో రోజున డాక్టరు ఫోను చేసి మళ్లీ ఒకసారి రమ్మంది. ప్రమాదమేమీ లేదని రెండుసార్లు చెప్పింది. అందుకే దారి పొడుగునా భ్రమరాంబ స్టేషన్లు లెక్కపెడుతూ కూర్చుంది.

ఆఫీసు గది తలుపులు మూశాక మాట్లాడవచ్చు. డాక్టరు నళినీకుమారి యాభై దాటిన మనిషి. రెండు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మొదటివారం అందరూ బబబ, దదద అంటారు. అది మంచి గుర్తే. రెండోవారంలో ఆ గొణుగుడికి జర్మన్ నడక వస్తుంది. పదమూడుమందికి వచ్చింది. మీ అమ్మాయిది వినండి" అని మీట నొక్కింది.

హైమ గొంతే. కాని ఆ గొంతు భ్రమరాంబ ఎన్నడూ వినని దారిలో నడుస్తోంది. ఒక చిన్న మాట మెట్లెక్కినట్టు పైకి వెళ్లింది. అదే మాట జారినట్టు కిందికి వచ్చింది. ఇంకోసారి అడుగుకి దిగి, అక్కడే ఒదిగి, మెల్లగా లేచింది. పాట కాదు. మాటే. పాడకుండానే ఎత్తుపల్లాలున్న మాట.

"ఇది జర్మన్ కాదు" అంది డాక్టరు. "ఈ రెండు వారాల్లో ఈ భవనంలో ఎవరూ పలకని భాష. బయట నుంచి వచ్చింది కాదు, లోపల నుంచి వచ్చింది." ఆమె గొంతు తగ్గించింది. "భ్రమరాంబగారూ, హైమ మీ దగ్గరికి ఎన్నో ఏట వచ్చింది?"

భ్రమరాంబ చెప్పింది. చెప్పడానికి మూడు గుక్కలు పట్టింది.

"తప్పు నాది" అంది డాక్టరు. "చూసినప్పుడు నాకు అనుమానం రాకపోలేదు. ఆ తెలుగు విన్నాక అడగడం మర్యాద కాదనిపించింది. చెవి ఖాళీగా ఉంటుందనుకుని తలుపు తెరిచాం. లోపల ఒక మనిషి కూర్చుని ఉంది."

పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ అప్పుడు గొంతు సవరించుకుంది. ఆమె పేరు రిన్‌పుయి. విశాఖలో నర్సుగా పనిచేసి రిటైరైన మిజో ఆవిడ. డాక్టరు వినిపించిన ఆ మాట తన భాషేనని పోల్చింది ఆవిడే. "నలభై సంవత్సరం ఇక్కడే ఉన్నానమ్మా" అంది భ్రమరాంబతో. "తెలుగు నా దగ్గరికి వచ్చింది. నేనే తెలుగు దగ్గరికి పూర్తిగా రాలేదు. ఏమనుకోవద్దు."

ఆమె హైమ ఉన్న అద్దాల గదిలోకి వెళ్లింది. భ్రమరాంబ ఇవతల నుంచి చూస్తోంది. లోపలి మాటలు చిన్న స్పీకరులో వినపడుతున్నాయి. రిన్‌పుయి ఏదో పలకరించింది. హైమ కుర్చీలో బిగుసుకుపోయింది. మళ్లీ పలకరించింది. అప్పుడు, ఆస్పత్రిలో ఆరుగురు మగవాళ్లని గదమాయించి మందు మింగించే హైమ, కుర్చీ దిగి నేల మీద గొంతుక్కూర్చుంది. మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుంది. జవాబు చెప్పింది. గొంతు సన్నగా, ఎత్తుగా, మూడేళ్ల పిల్లలా ఉంది. రిన్‌పుయి కూడా పక్కన కూలబడింది. ఇద్దరూ అలా పావుగంట మాట్లాడుకున్నారు.

బయటికి వచ్చిన రిన్‌పుయి ముందు కళ్లద్దాలు తుడుచుకుంది.

"మూడేళ్ల పిల్ల ఎంత మాట్లాడతాదో అంతే మాట్లాడతాది. ఆ తరవాతది లేదు. కాని ఉన్నంత వరకు మా ఊరి పిల్లే. ఇంకోటి చెప్పాలమ్మా. దీనికి మాట నేర్పింది ఒక ముసలిది. ఆమెకి ముందుపళ్లు లేవు."

"మీకెలా తెలుసు?" అన్నాడు చక్రధరం.

"స అన్నప్పుడు గాలి పళ్ల దగ్గర కోసుకుని రావాలి. ఈ పిల్లకి పళ్లు అన్నీ ఉన్నాయి. మరి గాలి చిగుళ్ల మీద నుంచి పోతాది. మా కొండల్లో పళ్లు రాలిపోయిన అవ్వలు ఇట్లాగే అంటారు. పిల్ల ఏ నోరు దగ్గరగా చూసిందో, ఆ నోరే పెట్టుకుంది."

కోర్టు కాగితాల్లో హైమ కన్నవాళ్ల గురించి ఒకే వాక్యం ఉంది. వివరాలు తెలియవు అని. ఫోటో లేదు, పేరు లేదు, ఊరు లేదు. ఇరవై మూడేళ్ల తర్వాత, ఒక ముసలావిడ నోట్లో ఏ పళ్లు రాలిపోయాయో ఒక అక్షరం మోసుకొచ్చింది. ఆవిడ ఒళ్లో కూర్చుని, ఆవిడ ముఖంలోకి తలెత్తి చూస్తూ ఒక పిల్ల మాట నేర్చుకుంది. ఏ అల్మరాలోనూ దాచలేనిది ఆ పిల్ల తన నాలుక కింద దాచుకుని రాజమండ్రి వచ్చింది. భ్రమరాంబకి చేతులు జోడించాలనిపించింది. ఎవరికో తెలియలేదు.

"ఏం మాట్లాడింది?" అని అడిగింది చివరికి.

"మంట దగ్గర నాకు చోటుందా అని. అదే మళ్లీ మళ్లీ. మా ఇళ్లల్లో మంట ఇంటి మధ్యలో ఉంటాది కదా. సాయంత్రం అందరూ అక్కడే. మాటలన్నీ అక్కడే."

భ్రమరాంబకి తన వంటింటి పొయ్యి గుర్తొచ్చింది. హైమ ఇంటికి వచ్చినది మే నెల. రాజమండ్రిలో గోడలు కూడా కాలుతున్న రోజులు. కొత్తగా వచ్చిన పిల్ల సాయంత్రం అయ్యేసరికి వంటింట్లోకి వచ్చి గ్యాసు పొయ్యి ఎదురుగా గొంతుక్కూర్చునేది. పైకి చూసి ఏదో అనేది. చెయ్యి కాల్చుకుంటుందేమోనని భ్రమరాంబ ఎత్తుకెళ్లి హాల్లో ఫ్యాను కింద దింపేది. మళ్లీ వచ్చేది. మళ్లీ అనేది. "మూడేళ్లు దాటినా మాటల్లేవు, ఇంకా ఊఁ ఊఁ అనే ఉంది పాపం" అని సూరమ్మ వసకొమ్ము తెప్పించి, సానరాయి మీద తేనెతో అరగదీసి, రోజూ పిల్ల నాలుక మీద రాసింది. చంటిపిల్లలకి మాటలు రావాలని రాసే వస. ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఆ పిల్ల మాట్లాడుతోందని. పదకొండో రోజున పిల్ల అడగడం మానేసింది. నెల తిరక్కుండా అమ్మా అంది. వస పనిచేసిందని సూరమ్మ వీధంతా పటికబెల్లం పంచింది.

ఇది భ్రమరాంబ ఆ గదిలో చెప్పలేకపోయింది. రైల్లో చక్రధరానికి చెప్పింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, "అమ్మకేం తెలుసే. నాకేం తెలుసు" అన్నాడు.

వాళ్లు బయల్దేరేముందు డాక్టరు చెప్పిన సంగతి మాత్రం స్పష్టంగా ఉంది. ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. దారులు రెండు. హైమకి జర్మనే వినిపిస్తూ పోతే అది ఈ లేత మాటల మీద పరుచుకుంటుంది, ఇవి ఇక ఎప్పటికీ పైకి రావు. తెలుగుకేమీ కాదు. లేదా ఈ భాషే వినిపిస్తే ఇది మొలకెత్తి పెరుగుతుంది. అప్పుడు జర్మన్ మామూలుగా కష్టపడి మాట్లాడుకోవలసిందే. తెలుగు మరిచిపోదు. కాని తెలుగు దీని మీద కట్టిన ఇల్లు. అడుగు కదిలితే పైది ఒరుగుతుంది. ఆ తర్వాత హైమ, పరాయి చోట నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నవాళ్లలా మాట్లాడుతుంది.

"బిళ్లలు ఇప్పుడే తీసేస్తే?" అని అడిగాడు చక్రధరం.

"తెరిచిన తలుపు దేని మీదో ఒకదాని మీద మూసుకోవాలండీ. సగంలో తీస్తే ఏదీ నిలబడదు. నేనా పని చెయ్యను" అంది డాక్టరు. అంతా కాగితం మీద రాసి హైమకి చూపించారు. ఆమె కింద ఒకటే వాక్యం రాసింది. "అమ్మని అడిగి చెప్తాను."

ఆదివారం దాకా గడువు. అప్పటిదాకా హైమని ఏ భాషా లేని గదిలో ఉంచుతారు.

శుక్రవారం మధ్యాహ్నం భ్రమరాంబ మిషను ముందు కూర్చుంది. జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపువి కుట్టి, విప్పి, మళ్లీ ఒకే వైపువి కుట్టింది. మోటారు రీవైండింగు షాపు నుంచి భోజనానికి వచ్చిన చక్రధరం అది చూసి, "ఆ కట్టుకునేదానికి రెండూ కుడిచేతులేనా?" అన్నాడు. ఆమె మిషను ఆపలేదు. అతను కంచం ముందు కూర్చుని కాసేపు మెతుకులు కెలికాడు.

"నన్నడిగితే జర్మనే కానీమంటాను. రెండేళ్లు కష్టపడింది దానికోసం. ఆ భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడుద్దే? ఆ ముసలావిడ ఎప్పుడో పోయుంటుంది."

"ఊఁ."

"నీకు కావలసిందీ అదేగా."

"ఏది?"

"దాని తెలుగు పోకుండా ఉండటం."

మిషను ఆగిపోయింది. "మీకు అక్కర్లేదా?" అంది భ్రమరాంబ.

"నాకూ కావాలే. అందుకే చెప్తున్నాను. లేకపోతే ఏదైతే ఏంటని ఊరుకునేవాణ్ని." అతను మజ్జిగ గ్లాసు ఎత్తాడు, తాగకుండా దించాడు. "ఇంట్లోకి వస్తూనే 'నాన్నా, మళ్లీ బీడీ కాల్చావా' అని అరుస్తుంది చూడు. ఆ అరుపు ఇంకోలా ఉంటే నేను తట్టుకోలేను."

అతను వెళ్లాక ఆమె ఆ రెండో కుడిచెయ్యి కుట్లు విప్పుతూ కూర్చుంది.

భ్రమరాంబది టెక్కలి. ఇరవయ్యో ఏట కోడలిగా రాజమండ్రి వచ్చింది. వచ్చిన రెండో రోజున "ఏటండి అత్తా?" అంటే, "ఏటి అంటే మాకు గోదారేనమ్మా" అని సూరమ్మ నలుగురిలో నవ్వింది. పిన్నత్తగారు, ఆడపడుచు, పాలవాడు, అందరూ నవ్వారు. చెడ్డవాళ్లు కాదు. అలా నవ్వుతూనే అన్నం పెట్టారు. మార్చుకోవాలని భ్రమరాంబ ఏ రోజూ అనుకోలేదు. వాళ్లలో ఒకతి కావాలనుకుంది, అంతే. మిగతాది నోరే చేసుకుపోయింది. ఏడాది తర్వాత ఎస్టీడీ బూతు నుంచి పుట్టింటికి ఫోను చేసి, "నేనమ్మా" అంది. అవతల నుంచి తల్లి, "ఎవులమ్మా మాటాడతన్నది?" అంది. మరొకసారి చెప్తేగాని గుర్తు పట్టలేదు. తర్వాత టెక్కలి వెళ్లినప్పుడు పాత మాట తెచ్చుకోవాలని చూస్తే, అది అద్దెకు తెచ్చుకున్న నగలా ఉంది. చెల్లెళ్లు గోదారి దొరసాని అని ఆటపట్టించారు.

ఒక యాస పోయేటప్పుడు చప్పుడు కాదు. నొప్పి ఉండదు. అడగవలసిన అవసరం ఉందని కూడా ఎవరికీ తెలియదు. హైమ మాట పోయిన పదకొండు రోజులూ అంతే. కాని ఇప్పుడు హైమ అడిగింది. ఈసారి అడిగింది తననే.

ఆదివారం హాల్లో అదే సుద్దముక్కల కిచకిచ. హైమ కళ్లకింద నల్లటి చారలు. తల్లి కూర్చోగానే పలక ఆమె ఒళ్లో పెట్టింది.

భ్రమరాంబ ముందు వంటింటి సంగతి రాసింది. పొయ్యి, వస, పటికబెల్లం, అన్నీ. పలక నాలుగుసార్లు తుడవాల్సి వచ్చింది. "నువ్వు మాట్లాడుతున్నావని మాకు తెలియలేదు" అని చివర రాసింది.

హైమ పలక లాక్కుని ఆ అక్షరాల కిందే రాసింది. "ఆవిడ ముఖం రావట్లేదమ్మా. మాట అంటుంటే మాత్రం నా దవడ కింద ఎవరిదో చెయ్యి ఉన్నట్టుంటోంది."

"అది పెంచు" అని రాసింది భ్రమరాంబ.

"జర్మనీ?"

"అందరిలాగా తంటాలు పడి మాట్లాడు. రోగులే అర్థం చేసుకుంటారు."

హైమ పెదవి కొరుక్కుంది. ఈసారి అక్షరాలు వంకరగా వచ్చాయి. "నా తెలుగు?"

భ్రమరాంబ సుద్దముక్క పట్టుకుని ఆగింది. ఏమీ కాదని రాయవచ్చు. అది అబద్ధం. పక్కన చక్రధరం మాస్కు సరిచేసుకునే వంకతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"పోతే పోనీ. నా దగ్గర ఉంది" అని రాసింది.

ఆ మర్నాటి నుంచి రిన్‌పుయి రోజూ వచ్చింది. ఆమెకి తెలిసిన మరో ఇద్దరు మిజో ఆడవాళ్లు కూడా వచ్చారు, ఒకామె ఊలు, సూదులు పట్టుకుని, ఇంకొకామె చిన్న పిల్లతో. డాక్టరు పాఠాలు పెట్టవద్దంది. కూర్చుని మామూలుగా కబుర్లు చెప్పుకొమ్మంది. హైమకి కేటాయించిన జర్మన్ గంటల్ని తీసేసి, తన ప్రయోగం లెక్కల్లో పద్నాలుగుని పదమూడు చేసుకుంది. ఆ ఖాళీ గడిలో కారణం రాయాల్సినచోట చాలాసేపు ఆలోచించి, "ముందే ఒకరున్నారు" అని రాసింది.

భ్రమరాంబ ప్రతి ఆదివారం వెళ్లింది. మొదటి ఆదివారానికి హైమ నాలుగైదేళ్ల పిల్ల. ఎందుకు, ఎందుకు అని అడుగుతోందని రిన్‌పుయి కాగితం మీద రాసి చూపించింది. రెండో ఆదివారానికి వాళ్లు ముగ్గురూ ఏదో అంటే హైమ పగలబడి నవ్వింది. అందరూ నవ్వుతుంటే భ్రమరాంబ ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూస్తూ, ఎక్కడ నవ్వాలో తెలియక, అందరి తర్వాత నవ్వింది. అలా చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒక్క ముక్క అర్థం కాని ఇంట్లో, ఎవరు ప్రేమగా ఉన్నారో కళ్లని బట్టి, చేతుల్ని బట్టి పోల్చుకోవాలి. మూడేళ్ల పిల్ల ఆ పని నెల రోజులు చేసింది. చేసి, వాళ్లని ఎంచుకుంది. తామే ఆ పిల్లని తెచ్చుకున్నామని ఇన్నాళ్లూ అనుకుంది భ్రమరాంబ.

మూడో ఆదివారం మాటలు తెలియకపోయినా ఒకటి వినపడింది. ఆ ముగ్గురు ఆడవాళ్ల 'స' పదునుగా ఉంది. హైమది మెత్తగా, చిగుళ్ల మీద జారుతూ ఉంది. ఇన్ని రోజులు పళ్లున్నవాళ్ల మధ్య కూర్చున్నా అది మారలేదు. డాక్టరు దాన్ని విని, రాసుకోవడం మానేసి, ఊరికే వింటూ నిలబడింది.

నలభయ్యో రోజు ఉదయం బిళ్లలు తీశారు. హాల్లో మాస్కులు లేవు, పలకలు లేవు. పదమూడుమంది అమ్మాయిలు వరసగా వచ్చి, జర్మన్ టీచరుతో గలగలా మాట్లాడారు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లు మూసుకుంటే తమ వీధి పిల్లలే అంది. వెంటనే వాళ్లు తిరిగి తల్లుల మీద పడి, "ఏం లావైపోయావే అమ్మా", "తమ్ముడు రాలేదేం" అని అరిచారు. నలభై రోజులు ఆపుకున్న మాటలు హాలంతా కట్ట తెంచుకున్నాయి.

హైమ చివర వచ్చింది. రిన్‌పుయి ఆమె వీపు నిమిరి వెనక ఆగిపోయింది.

"ఇక మాట్లాడొచ్చు హైమా" అంది డాక్టరు.

హైమ నోరు తెరిచి మూసింది. ముఖంలో భయం. ఆపరేషను గదిలోకి వెళ్లే రోగుల ముఖంలో ఉండే భయం. చక్రధరం ఏదో ఒకటి అని నవ్వించబోయాడు.

"అమ్మా" అంది హైమ.

అది రాజమండ్రి మాట కాదు. మొదటి సగం కిందికి దిగింది, లోతుకి వెళ్లి ఒక క్షణం అక్కడ ఆగింది. రెండో సగం ఏటవాలుగా పైకి లేచి, కొస దగ్గర సన్నగా వణికి నిలిచింది. రెండు అక్షరాల్లో ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కినట్టుంది. ఈ భాషలో ఎన్ని వందల ఏళ్లుగా ఎన్ని కోట్ల నోళ్లు ఆ మాట అని ఉంటాయో. ఏ తల్లినీ ఎవరూ ఇలా పిలిచి ఉండరు. పోయిన తెలుగు కోసం చెవి సిద్ధం చేసుకుని వచ్చిన భ్రమరాంబకి, వచ్చినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

హైమ కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాలేదా?" అంది. ఆ మాట కూడా ఒరిగింది.

భ్రమరాంబ చెవి వెనక చెయ్యి పెట్టుకుంది.

"వినపడలేదే" అని అబద్ధమాడింది. "మళ్లీ పిలు."